మదుం దగ్గర ఆగని కారు

చీకటి పడ్డాక పోతమ్మ మదుం దగ్గర ఎవరూ బండి ఆపరు. ఆపకూడదు కూడా.

విశాఖపట్నానికి ఉత్తరాన, కొండల నడుమ రిజర్వు అడవిలో, మట్టిరోడ్డు కింద వానవాగు దాటడానికి కట్టిన రాతి తూము అది. ఎప్పుడో పోతమ్మ అనే ఆవిడ కట్టెలమోపుతో అక్కడే లారీ కింద పడి పోయిందట. అప్పట్నుంచీ రోడ్డు మధ్యకొచ్చి చెయ్యి అడ్డం పెడుతుందట. జాలిపడి ఆపామా... ఎక్కి కూచుంటుంది. ఇంటిదాకా వస్తుంది. ఇంట్లో ఒకరిని తీసుకునిగానీ వెళ్లదు.

అందుకే మదుం రాకముందే డ్రైవర్లు ఓ నిమ్మకాయ బయటికి విసిరి అద్దాలెత్తేస్తారు. గేరు మార్చరు. వెనక్కి చూడరు.

ఇవేవీ కాంతానికి తెలీవు. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చిన అర్జునరావు భార్య ఆవిడ. గోపాలపట్నంలో అద్దె ఇల్లు. ఎనిమిదేళ్ల కూతురు గౌరీశ్వరి.

ఎనభై మూడులో, వానలు వెనకబట్టిన రోజుల్లో, అర్జునరావుతో పనిచేసే శ్రీరామ్మూర్తి మావగారిచ్చిన డబ్బుతో పాత అంబాసిడర్ ఒకటి కొన్నాడు. తెల్లది. అతను ఆ అడవి పక్క ఊరివాడే, కాస్త చనువైతే చాలు ఎవర్నైనా బావ అంటాడు.

"అడవిలోకి పోదాం బావ. మీ గుంటకి దుప్పుల్ని సూపిత్తాను," అన్నాడు గౌరి బుగ్గ గిల్లి.

గేటు దగ్గర ఫారెస్టు గార్డు సన్యాసిరాజు ముందు సీట్లో ఎక్కాడు. ఎక్కుతూనే, "లోపల కారు దిగకండి. చిరుత తిరుగుతోంది," అన్నాడు.

సాయంత్రం బాగానే గడిచింది. నీటిగుంట దగ్గర చుక్కల దుప్పులు మేస్తుంటే గౌరి కిటికీకి మొహం ఆనించి ఊపిరి బిగబట్టి చూసింది. అడవిపంది ఒకటి తీరుబడిగా రోడ్డు దాటింది.

"మా మావ నడకే సూడు బావ," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"మీ మావ వింటే కారు తిరిగిచ్చెయ్యమంటాడు," అన్నాడు అర్జునరావు. అందరూ నవ్వారు. కాంతం కూడా.

తిరుగుదారిలో పొద్దుగుంకింది.

నవ్వులు ఎక్కడ ఆగిపోయాయో కాంతం గమనించలేదు. చూసేసరికి ముందు సీట్లో ఇద్దరూ బిగుసుకుపోయి కూచున్నారు. శ్రీరామ్మూర్తి ఏదో బయటికి విసిరి అద్దం ఎత్తేశాడు.

"మీరూ ఎత్తెయ్యండమ్మా," అన్నాడు గార్డు.

"ఎందుకండీ, ఉక్కగా ఉంటే?"

"మదుం వస్తోంది." గొంతు తగ్గించి, తల తిప్పకుండా, నాలుగు ముక్కల్లో పోతమ్మ సంగతి చెప్పాడు.

కాంతం అద్దం ఎత్తింది.

అప్పుడు కనబడింది.

లైట్ల వెలుగు చివర... రోడ్డుకి అడ్డంగా... ఒక ఆడమనిషి. జుట్టు ముడి ఊడి మొహం మీద పడుతోంది. ఒక చెయ్యి పైకెత్తి ఊపుతోంది. రెండో చేత్తో భుజాన ఏదో పొదివి పట్టుకుంది.

"ఆపకు," అన్నాడు గార్డు.

"ఆపుతానేటి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

కారు వేగం పెరిగింది. ఆ మనిషి ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకుంది. తప్పుకుని — కారుతోపాటే పరిగెత్తింది. కాంతం వైపు అద్దం మీద అరచెయ్యి టప్పున పడింది. నోరు తెరిచి ఏదో అంటోంది. ఇంజను రొదలో ఒక్క ముక్కా వినబడలేదు.

భుజాన ఉన్నది పిల్ల. మెడ వేలాడిపోతోంది.

"ఆ పాప నిద్రపోయిందామ్మా?" అంది గౌరి.

కాంతం కూతురి మొహాన్ని ఒళ్లోకి అదుముకుంది. "ఏవండీ... ఆవిడ దగ్గర పిల్ల ఉందండీ."

"అలాగే కనబడతారు. చూడకు."

"ఒక్కసారి ఆపించండి."

"మనకీ పిల్ల ఉంది కాంతం."

తలుపు పిడి మీద కాంతం చెయ్యి ఉంది. తిప్పితే తెరుచుకుంటుంది... తిప్పలేదు. అరచెయ్యి అద్దం మీంచి జారిపోయింది. వెనక ఎర్రటి దుమ్ము, దాని వెనక చీకటి.

గేటు దగ్గర దిగి చూస్తే అద్దం మీద మట్టివేళ్ల గుర్తులు. శ్రీరామ్మూర్తి ఇంకో నిమ్మకాయ కోసి, ఏదో గొణుక్కుంటూ తుడిచేశాడు. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురికీ దిష్టి తీశారు. ఎవరికీ ఏమీ కాలేదు. జలుబైనా చెయ్యలేదు.

నెల్లాళ్లపాటు అర్జునరావు ఆఫీసులో ఇదే కథ. చెప్పినకొద్దీ పోతమ్మ పాదాలు వెనక్కి తిరిగాయి, కళ్లు నిప్పులయ్యాయి. కాంతం దిద్దలేదు. పాదాలు ఎవరు చూశారు గనక? కానీ నిద్రపట్టని రాత్రుళ్లు ఆ నోరు గుర్తొచ్చేది. ఏమంది ఆవిడ?

కార్తీకమాసం వచ్చింది. వనభోజనాలకి అడ్డాకులు కావాలని కాంతం వీధిలోకెళ్లి నిలబడింది. నెత్తిన ఆకులమోపుతో ఒకావిడ వస్తోంది. పేరు చిలకమ్మ. అడవి అవతలి గూడెం. చెమటలు కక్కుతోందని కాంతం అరుగు మీద కూచోబెట్టి చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"ఇంత ఎండెక్కి వచ్చావేం?"

"సుట్టూ తిరిగి వత్తన్నానమ్మా. తెల్లారకముందు అడవి రోడ్డున రావడం మానేసినాం."

కాంతం దగ్గరికి జరిగింది. "పోతమ్మ భయమా?"

చిలకమ్మ నవ్వింది. "పోతమ్మ నాకు మేనత్తమ్మా. సచ్చిపోయినా మేనత్త మేనత్తే గదా, నన్నేటి సేత్తాది? ఆ మదుం మీద కూకునే మాం ఆకులు కట్టుకునేది."

"మరి దేనికి?"

"కారమ్మా." చిలకమ్మ గొంతు తగ్గింది. "తెల్లకారు."

మజ్జిగ ఓ గుక్క తాగి మళ్లీ మొదలెట్టింది.

"నా గుంటకి పురుగు ముట్టినాది. పామమ్మా. మూడేళ్లది. మొన్న వానాకాలం ఎనకబట్టినప్పుడు, సందలకాడ. ఇంట్లో మగోలు నేరు. బుజానేసుకుని పరిగెట్టినాను. మదుం కాడికొచ్చేతలికి ఎనకనించి కారు సప్పుడు. దేవుడొచ్చినాడనుకున్నాను. రోడ్డుకడ్డంగా నిలబడి సెయ్యెత్తినాను. నా మీదకే వచ్చీసినాది. పక్కనే పరిగెట్టి అద్దం కొట్టినాను. నన్నొగ్గీండి, గుంటని ఎక్కించుకోండి అని అరిసినాను. లోపల ఒక ఆడమనిసి ఉంది. నాకేసి సూత్తానే ఉంది. కదల్లేదు. రెప్పెయ్యలేదు."

"పిల్ల...?"

"అడ్డదార్ని తారురోడ్డు దాకా నడిసినాను. అక్కడికే సల్లబడి బరువెక్కిపోనాది." చిలకమ్మ చెంబు కింద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇప్పుడు మా గూడెంలో సందలడితే ఎవులూ ఆ రోడ్డెక్కరు. తెల్లకారు అవుపడితే సాలు, పొదల్లో దూరిపోతారు."

కాంతం అరుగు స్తంభం పట్టుకుంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి...

"చిలకమ్మా... ఆ కారులో ఉన్నవాళ్లు—"

మాట పూర్తికాలేదు. కాంతం మొహంలో రంగు పోవడం చూసి చిలకమ్మ దగ్గరికొచ్చింది. భయపడిందనుకుంది. మోచెయ్యి పట్టుకుని, పసిపిల్లకి చెప్పినట్టు, మెల్లగా అంది.

"ఆల్లు మనుసులు కారమ్మా. మనుసులైతే ఆపరా?"