వానలో నిచ్చెన

"మళ్ళీ మా గుమ్మం ఎక్కితే చూడండి!" అని ఆరు నెలల క్రితం అరిచి పంపింది తనే. ఇప్పుడు అదే గుమ్మం ముందు ఆ నెట్ అబ్బాయి, భుజాన సంచితో, వానలో తడుస్తూ నిలబడ్డాడు.

"ఎక్కమంటారా? ఇక్కణ్ణుంచే బాగుచెయ్యమంటారా?"

"పిలిచింది అమ్మ. నేను కాదు," అంది ఆమె మూతి ముడుచుకుని.

కోపం రాదూ మరి! అప్పుడు కేబుల్ వెయ్యడానికి నిచ్చెన మోసుకుని వచ్చి, తడి సంచిని తిన్నగా తీసుకెళ్ళి ఆమె బొమ్మ మీద పెట్టాడు. వారం రోజులు కూర్చుని గీసిన వీధి బొమ్మ.

కానీ ఇవాళ పంతానికి పోయే వేళ కాదు. బొమ్మల కాలేజీకి దరఖాస్తు పంపడానికి సాయంత్రం ఐదు దాకే గడువు. నాలుగున్నర అయింది. లాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంది. పేజీ మాత్రం ఒక్కటీ తెరుచుకోవడం లేదు.

"రౌటర్ ఆపి మళ్ళీ వేశారా?"

"మూడుసార్లు."

"నాలుగోసారి?"

"మీకోసం దాచాను."

అతను నవ్వు ఆపుకుంటూ తన ఫోన్‌ని అదే వైఫైకి కలిపాడు. పేజీ టక్కున వచ్చేసింది. "నెట్ బాగానే ఉంది. తేడా లాప్‌టాప్‌లోనే," అంటూ తెర మూలకి వంగి చూశాడు.

"ఇదేంటండీ, తేదీ రెండేళ్ళు వెనకుంది! లోపల గడియారం నడిపే చిన్న బ్యాటరీ అయిపోయినట్టుంది. తేదీ తప్పుగా ఉంటే సైట్లు మనల్ని నమ్మవు."

"అంత పట్టింపా వాటికి?"

"మీ అంత లేదులెండి." తేదీ మార్చబోతూ ఆగాడు. "రెండేళ్ళ క్రితమంటే మనకింకా గొడవే అవలేదన్నమాట. మార్చెయ్యమంటారా?"

ఆమె బుగ్గలు వేడెక్కాయి. "ముందు మార్చండి!"

పేజీ తెరుచుకుంది. ఫోటో తీసి దాచుకున్న బొమ్మల్ని ఒక్కొక్కటే జతచేసింది. చివరిది వచ్చేసరికి తెరకి అరచెయ్యి అడ్డుపెట్టబోయింది గానీ, అతను చూడనే చూశాడు. అదే వీధి. అతని సంచి చేసిన తడి మరక ఉన్నచోట ఇప్పుడొక పెద్ద మబ్బు. మబ్బు కింద వాన. వానలో నిచ్చెన మోసుకెళ్తున్న ఒక అబ్బాయి.

"ఈయనెవరు?"

"ఎవరో. దారిన పోయేవాడు."

నాలుగూ యాభై రెండుకి దరఖాస్తు చేరిందని తెర మీద కనిపించింది. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే అమ్మ టీ తెచ్చింది.

"ఆ దారిన పోయేవాడి ముక్కు కుదరలేదని ఆర్నెల్లుగా చెరుపుతూనే ఉంది బాబూ. నెట్ పాడవకపోయినా నిన్నోసారి పిలుద్దామనుకున్నా."

"అమ్మా!"

అమ్మ ఏమీ ఎరగనట్టు రెండు కప్పులూ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. సంచి అందుకుని, "వెళ్ళనా మరి?" అన్నాడు, అడుగు కదపకుండానే.

ఆమె తలెత్తకుండా పెన్సిల్ తీసింది. "సంచి కింద పెట్టండి. పక్కకి తిరిగి కూర్చోండి. కదలకండి."

"ఎంతసేపు?"

"ఇవాళ తేలేలా లేదు. రేపు కూడా రావాలి," అంది. "నెట్ బాగున్నా సరే."