ఎవరిదీ కాని బాక్టీరియా

సూది జొన్నదంటులో దిగగానే మీటర్ మీద ఎర్రలైటు వెలిగింది.

"ఉంది. మా బాక్టీరియానే," అన్నాడు విత్తన కంపెనీ శాస్త్రవేత్త డాక్టర్ వేణుధర్.

గట్టు మీదున్న ఓబుళమ్మ కొంగు నడుముకు బిగించింది. అనంతపురం జిల్లాలో ఆ ఏడు వాన లేదు. కంపెనీ విత్తనం వేసిన చేలు తప్ప అన్నీ మాడిపోయాయి. ఆ విత్తనం కొనని ఓబుళమ్మ చేను మాత్రం నిలువెత్తు ఎదిగింది. ఆమె మీద కంపెనీ ఫిర్యాదు అదే. చేను కాల్చడానికి తెచ్చిన ట్రాక్టర్ ఇంజన్ ఆపకుండా గట్టు పక్కనే నిలబడి ఉంది.

"అది ఏం చేస్తాది సారూ?"

"మొక్క లోపలే కాపురముంటుంది. గాలిలోని నైట్రోజన్‌ని పట్టి ఎరువుగా మార్చి ఇస్తుంది. వేర్లను లోతుకు పంపుతుంది. బదులుగా మొక్కలోని చక్కెర తింటుంది. దాన్ని తయారు చేయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది."

"మంచిదే కదా. మరి నా చేను కాల్చేదెందుకు?"

"లైసెన్సు లేకుండా పెంచకూడదమ్మా. చట్టం."

"నేను పెంచినానా? నన్నడిగి వచ్చిందా అది?"

"పక్క చేలోంచి పురుగులు మోసుకొచ్చి ఉంటాయి."

"అయితే ఈ గట్టు మీది గడ్డికీ పెట్టు నీ సూది."

"అక్కర్లేదు. జొన్నలో తప్ప అది బతకదు. ప్రభుత్వానికి అలా రాసిచ్చే కంపెనీ అనుమతి తెచ్చుకుంది."

"పెట్టమంటున్నా."

గడ్డికి ఎర్రలైటు. తుమ్మకొమ్మకు ఎర్రలైటు. వేణుధర్ సూది తుడిచి ఇంకోసారి గుచ్చి చూశాడు.

"పొద్దున్నుంచి పచ్చిదంట్లు నములుతున్నా. నా ఎంగిలికీ పెట్టు."

మళ్లీ ఎరుపే.

"ఇంక నన్ను కూడా తగలబెడతావా?" అంటూ ఆమె పోయి ట్రాక్టర్ ముందు చతికిలబడింది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

"ఇదంతా రిపోర్టులో రాస్తే నా ఉద్యోగం పోతుందమ్మా."

"రాయకపోతే నా చేను పోతాది. రాయి. నేను ఈడనే కూర్చోనుంటా."

అతను రిపోర్టు కాగితం తీశాడు. గడ్డి, తుమ్మ, ఆమె ఎంగిలి, ఏదీ వదలకుండా రాశాడు.

ఆ రిపోర్టుతోనే కేసు కోర్టుకెక్కింది. బాక్టీరియా తమదేనంటే జొన్న దాటి పాకినందుకు కంపెనీ అనుమతి రద్దవుతుంది. జిల్లా అంతా శుభ్రం చేసే బాధ్యత కూడా మెడకు చుట్టుకుంటుంది. అందుకని కంపెనీ లాయర్లు ప్రమాణపత్రం దాఖలు చేశారు: "ఇది మేము సృష్టించింది కాదు. అనాదిగా ఈ నేలలో ఉన్నదే." కోర్టు నమ్మింది. ఎవరిదీ కానిదాన్ని ఎవరైనా పండించుకోవచ్చని తీర్పిచ్చింది. మరుసటి ఏడు ఓబుళమ్మ విత్తనం నలభై ఊళ్లకు చేరింది.

వేణుధర్ ఉద్యోగం పోయింది. కొత్త ఉద్యోగానికి ఎక్కడికి వెళ్లినా ఏం కనిపెట్టారని అడిగేవారు. చెబితే, దాన్ని ఎవరూ సృష్టించలేదన్న ఆ తీర్పు కాపీ తీసి చూపించేవారు.

కోతల కాలంలో అతను చేను చూడాలని వచ్చాడు. ఓబుళమ్మ ఎగాదిగా చూసి కొడవలి చేతికిచ్చింది.

"చూస్తా నిలబడితే ఎట్లా సారూ? వంగు."

వంగాడు. పక్క సాలులో కోస్తున్న కూలామె అతని తడబాటు చూసి నవ్వింది.

"ఈ జొన్న సంగతి నీకేమన్నా తెలుసా అన్నా?"

"లేదమ్మా," అన్నాడు వేణుధర్. "ఇప్పుడే నేర్చుకుంటున్నా."