రాడ్డు జారిన చోటు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల గుసగుసలు ఆపితే మొదలుపెడతాను. ఇది మా వీధి బోర్ల మేస్త్రి ఇంట్లో జరిగింది. ఇందులో అబద్ధం ఉప్పంత కూడా లేదు. ఉంటే గింటే కారమంత ఉంటుంది.

మేస్త్రి రాతి మీద చెవి పెట్టాడంటే కింద నీళ్లు లేచి కూర్చునేవి. వీధిలో ప్రతి బోరూ ఆయనే వేశాడు. వానలు తప్పడం మొదలయ్యాక వాటినే ఇంకా లోతుకు దింపుతూ పోయాడు. ఎంత లోతంటే, పొద్దున గులకరాయి వేసి, స్నానం చేసి, టీ తాగి వచ్చినా చప్పుడు వినపడేది కాదు.

ఆయనకి ఒక్కతే కూతురు. భూమి కింద నీళ్ల గురించి పెద్ద చదువే చదివింది. ఆమె మాట మీదే వీధి సంఘం ఓ తీర్మానం చేసింది. మూడేళ్లు ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు, పాతవి లోతు చెయ్యకూడదు. డాబాల మీద పడే వాననీళ్లని గుంటల్లోకి మళ్లించి భూమిలోకి ఇంకించాలి.

ఒక రోజు పొద్దున కూతురు పెరటి బోరులోకి టేపు దించి పైకి లాగింది. మేస్త్రి మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఎంతుందే?"

"నిన్నటికంటే జానెడు కిందకి పోయింది నాన్నా."

"నా బోరు బండి తెస్తే వంద అడుగులు దింపుతాను. నీళ్లు రాకపోతే అడుగు."

"వస్తాయి. పక్కింటి బోరులోంచి వస్తాయి."

వంటింట్లోంచి తల్లి అంది, "ఇద్దరూ ఆ బోరులోకే దిగి పోట్లాడుకోండి. నాకు గిన్నెలు తోముకోడానికి చెంబెడు నీళ్లు పైకి పంపండి చాలు."

అసలు బాధ ఆ గుంటది. పది రోజులు తవ్విన మొదటి గుంట వానకి నిండింది, నిండినట్టే ఉండిపోయింది. వారమైనా చుక్క ఇంకలేదు. అందులో పుట్టిన దోమలు తలుపు కొట్టి మరీ లోపలికి వస్తున్నాయి. ఆ సాయంత్రమే సంఘం మీటింగు. గుంట పనికిరాదని తేలితే తీర్మానం రద్దు, ఇంటింటికీ కొత్త బోరు. మూడేళ్ల తీర్మానం ఆ మురికినీళ్లలో తేలుతోంది.

కూతురు గుంటలో నీళ్లు తోడించి, లోపలికి దిగి గడ్డపారతో అడుగు పొడిచింది. ఖంగుమంది.

"ఇంకో మనిషి లోతు తవ్వినా అంతే. కిందంతా ఒకటే బండ," గట్టు మీంచి మేస్త్రి నోరు జారాడు.

కూతురు తలెత్తింది. "నీకు ముందే తెలుసా?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"చేతులు బొబ్బలెక్కేలా తవ్వాం నాన్నా. నువ్వు ఎదురుగా కూర్చుని టీ తాగావు."

"నన్నడిగావా? ఎక్కడో గీసిన పటం తెప్పించుకున్నావు. ఈ వీధి కడుపులో ఏముందో మా నాన్నకి తెలుసు అని ఒక్కసారైనా తోచిందా? పైగా బోర్లు వేసినవాళ్లే భూమిని పిండేశారని మీటింగులో అన్నావు. నేను చివరి బెంచీ మీదే ఉన్నానమ్మా."

"నిన్ను అనలేదు."

"ఈ వీధిలో బోర్లు వేసింది ఇంకెవరే?"

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అది అడగలేదని ఈయన చెప్పడు, ఈయన చెప్పలేదని అది అడగదు. ముప్పై ఇళ్ల దాహం మీ మూతిముడుపుల మధ్య ఇరుక్కుంది."

సాయంత్రం మీటింగులో సంఘం పెద్ద అన్నాడు, "గుంట దండగ. రేపే మేస్త్రి బండి పిలుద్దాం." ముప్పై బోర్ల పని. మేస్త్రి తలూపితే చాలు.

కూతురు లేచి నిలబడింది. "తప్పుచోట తవ్వించింది నేనే. సరైన చోటు తెలిసిన మనిషి ఈ గదిలోనే ఉన్నాడు. అప్పుడు అడగలేదు, ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను. నాన్నా, నీళ్లు ఎక్కడ దిగుతాయి?"

మేస్త్రి బెంచీ మీంచి లేచాడు. "తెలిసీ నోరు మూసుకున్నాను. అది మేస్త్రి చేసే పని కాదు. బండి రాదు. సుద్దముక్క ఇవ్వండి."

ఆయన ముందు నడిచాడు, వీధి వీధంతా వెనక నడిచింది. "బండలో రాడ్డు అంగుళం అంగుళం దిగుతుంది. పగులు తగిలితే ఒక్కసారిగా జారుతుంది. నీళ్లు దిగేదీ ఆ పగుల్లోంచే. దాంతోపాటు నా గుండే జారేది, మర్చిపోతానా? ఇదిగో, దర్జీ కొట్టు ముందు పన్నెండు అడుగులకే జారింది. నీకప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి." అలా అయిదు చోట్ల గీతలు గీశాడు. కూతురు పక్కనే పటంలో రాసుకుంది.

గుంటలు తవ్వారు. వాన వచ్చింది. డాబాల నీళ్లన్నీ వచ్చి, సుడి తిరిగి, గుడగుడమంటూ దిగిపోయాయి. వీధంతా గొడుగులతో చూస్తోంది.

కూతురు సంఘం పటం తండ్రి చేతిలో పెట్టింది. అడుగున 'చోట్లు చూపినది: బోర్ల మేస్త్రి' అని ఉంది. ఆయన మూడుసార్లు చదివాడు.

"అక్షరాలు చిన్నవయ్యాయి," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"పెద్దగా రాస్తాను నాన్నా," అంటూ కూతురు ఆయన భుజం మీద తల ఆనించింది.

"ఆ కన్నీళ్లు కూడా గుంటలోనే పొయ్యండి, వృథా ఎందుకు," అంది తల్లి, తన కళ్లు మాత్రం కొంగుతో ఒత్తుకుంటూ.

దర్జీ తన కొట్టు ముందు గుంటలోకి వంగి చూసి, కంగారుగా అన్నాడు, "ఇంత గటగటా తాగుతోంది, భూమికి పొలమారుతుందేమో. ఎవరైనా కాస్త నెత్తి మీద తట్టండయ్యా."