ఢిల్లీ ఫోన్‌కు చెప్పిన మాట

“ఇయ్యరట అంటే ఎట్ల చెల్లే? ఎందుకియ్యరట? నేనేమన్న దొంగనా? నా బిడ్డ పురుడుకు నేను పోవుడు గూడ తప్పేనా?”

దేవవ్వ అరుగు మీద చతికిలబడి, కొరియర్‌లో తిరిగొచ్చిన పాస్‌పోర్టును ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నది. పక్కన శిబ్బి పళ్లెంలో శొంఠి, మిర్యాలు, వాము వేయించి పెట్టి ఉన్నాయి. బాలింతకు పెట్టే కాయం కోసమవి! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వీసా రాకముందే కాయం దంచుతున్నావా అని వాడకట్టోళ్లంతా నవ్వినా, “నవ్వుండ్రి, నవ్వుండ్రి! ఐర్లాండ్ల గీ కాయం దొరుకుతదా?” అని ఆమె రోలు వదలలేదు. పత్తి చేను ఎవరికో ఒకరికి అప్పజెప్పి, ఉన్ని స్వెటరు కొనుక్కుని, నడుం బిగించి కూర్చున్న మనిషి! ఆ మనిషి చేతికి ఇవాళ ఆ దేశం వాళ్లు వద్దన్న కాగితం వచ్చింది.

“చదువు చెల్లే... జర మంచిగ చదువు. ఏం తక్కువైందట?”

చెల్లెలు జమున చేతిలో ఆ కాగితాలు రెండున్నాయి. జమున అంగన్‌వాడీ టీచరు. జమ్మికుంట పక్కనున్న ఆ ఊళ్లో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆమె దగ్గరికే తెస్తారు. మొదటి పేజీ చదివింది. రెండో పేజీలో నాలుగో వరుస దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. ‘ఆహ్వానించిన వ్యక్తికి తాను తల్లినని దరఖాస్తుదారు దేవవ్వ పేర్కొన్నారు. కానీ ఫోన్‌లో విచారించగా, జమున అనే మరొక స్త్రీ తానే తల్లినని చెప్పింది. కావున బంధుత్వం రుజువు కాలేదు.’

దేవుడా! ఆ స్త్రీ తనే కదా!

“కాగితాలు... కాగితాలేవో తక్కువైనయట అక్కా,” అన్నది జమున. రెండో పేజీని మడిచి కొంగు చాటున దోపుకున్నది. అక్క కన్నీళ్లు తుడుచుకుంటూ “గంతేనా! నేనేమో అనుకున్న,” అంటుంటే తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని కూర్చున్నది.

అమ్మా, ఆమె ఎందుకట్లా దాచిందో తెలియాలంటే ఇరవై ఏడేళ్లు వెనక్కి పోవాలి. దేవవ్వకు మూడు కడుపులు పోయాయి. నాలుగోది నిలవదని కరీంనగర్ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. బావ అంతయ్యకు రెండో పెళ్లి చేయాలని అత్తింటివాళ్లు పిల్లను కూడా చూసివచ్చారు! అప్పుడు జమునకు రెండో కాన్పు. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్లెలో వేసే ముందు, అందరి ముందట జమున ఆ పసిగుడ్డును పసుపుబట్టలో చుట్టి, అక్క ఒడిలో బియ్యంతో సహా పెట్టింది. “ఇగ నీ బిడ్డ. నా బిడ్డ అని నోట అనను,” అని మూడుసార్లు చెప్పింది. సాదుకొనే బిడ్డను అట్లా ఇవ్వాలి, కన్నతల్లి నోటితో విడిచిపెట్టాలి, అది వాళ్లింటి రివాజు. కాగితం లేదు, కోర్టు లేదు. మాటే కాగితం!

మాట ఇచ్చినంత సులువా మాట మీద నిలబడటం? వందన పాకినా, నడిచినా, బడికి పోయినా రెండు ఇండ్ల అవతల నుంచే చూసింది జమున. దేవవ్వను అమ్మ వరసలో “అవ్వా” అని పిలిచే ఆ పిల్ల, తన దగ్గరికి “చిన్నమ్మా!” అని ఉరికొస్తే “ఏంది బిడ్డా?” అని అందరి పిల్లలను పిలిచినట్టే పిలిచింది. ‘నా’ అన్న అక్షరం ఒక్కనాడూ నోటి దాకా రానివ్వలేదు. వందన నర్సు కోర్సు చదివి, ఐర్లాండ్‌లో ఉద్యోగానికి పోతూ దేవవ్వ కాళ్లకు మొక్కి, అదే వంగుడులో తన కాళ్లకూ మొక్కిననాడు ఇంటికొచ్చి తలుపేసుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతటి నిష్ఠ గల మనిషి పోయిన నెల ఏం చేసిందంటే...

దేవవ్వ ఫోనును జమున ఇంట్లో చార్జింగుకు పెట్టి చేనుకు పోయింది. పొద్దున పదిన్నరకు ఫోను మోగింది. ఢిల్లీ వీసా ఆఫీసు నుంచి ఎవరో ఆయన, హిందీలో. “ఐర్లాండ్‌లో ఉన్న వందనకు మీరేమవుతారు?” అని అడిగాడు. ‘మా అక్క చేనుకు పోయింది, సాయంత్రం చెయ్యండి’ అంటే అయిపోయేది. నాలుకకు ఎముక లేదు కదమ్మా! ఇరవై ఏడేళ్లలో ఎవరూ అడగని మాట అడిగాడాయన. ముఖం తెలియని మనిషి, ఊరు తెలియని మనిషి... “తల్లిని,” అనేసింది. “పేరు?” “జమున.” ఫోను పెట్టేశాక ఒళ్లంతా వణికింది. భయంతో కాదు, చెప్పడానికి సిగ్గు గానీ, సంతోషంతో! ఆ రోజంతా అంగన్‌వాడీలో పిల్లలకు రెండేసి గుడ్లు పెట్టినంత సంబరంగా తిరిగింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా? ఆ సంబరం ఖరీదు ఇవాళ అక్క ఒళ్లో పడి ఉన్నది.

మధ్యాహ్నం వందన వీడియో కాల్ చేసింది. ఆరో నెల. ముఖం పాలిపోయి ఉన్నది. ఒక కడుపు పోయాక నిలిచిన కడుపు ఇది. భర్త విక్రాంత్‌వి నైట్ డ్యూటీలు.

“ఏడ్వకు అవ్వా. రెండు నెలల లోపల అప్పీలు పెట్టుకోవచ్చు. ఎందుకు ఇయ్యలేదో దానికి జవాబు రాయాలె, గంతే. చిన్నమ్మా, నువ్వే రాయాలె. తెలుగుల రాస్తే సాగర్ అన్న నెట్ సెంటర్ల ఇంగ్లీషు చేసిస్తడు. గా రెండో పేజీ ఫోటో పంపలే నువ్వు?”

“రెండో పేజీనా... ఒకటే వచ్చింది బిడ్డా.”

“ఒకటేనా? కారణాలు దాంట్లనే ఉంటయి గద చిన్నమ్మా!” వందన ఒక చేత్తో కడుపు నిమురుకున్నది. తరువాత మెల్లగా, “అవ్వ రాకుంటే నేను ఒక్కదాన్ని ఏం చెయ్యాలె? నాకు భయమైతుంది చిన్నమ్మా...” అన్నది.

ఆ మాట జమున గుండెలో గునపంలా దిగింది. కన్నబిడ్డకు పురుటి మంచం దగ్గర దిక్కు లేకుండా చేసింది ఎవరు? కన్నతల్లే!

మర్నాడు ఆదివారం. అక్కచెల్లెళ్లిద్దరూ చాప మీద కూర్చున్నారు. జమున ముందు తెల్లకాగితం. దేవవ్వ చెప్తున్నది, చెల్లె రాస్తున్నది.

“రాయి. అయ్యా, నా బిడ్డ ఏడాది పిల్లప్పుడు దానికి తట్టు పోసింది. తొమ్మిది దినాలు నేను కన్ను మూయలే. రాసినవా?”

“రాసిన అక్కా.”

“నర్సు కోర్సుకు సీటొస్తే మీ బావ వద్దన్నడు. నేను మూడు దినాలు అన్నం ముట్టలే. ఆఖరికి ఆయనే పోయి ఫీజు కట్టొచ్చిండు. ఆయన పానం పోయిననాడు అది పరీక్ష రాస్తుంది. పరీక్ష అయిపోయేదాక దానికి చెప్పనియ్యలే... పీనుగను ఇంట్ల పెట్టుకోని దానితోటి ఫోన్ల ‘బాపు పండుకున్నడు బిడ్డా’ అన్న. గిట్ల ఎవలన్న అంటరా చెల్లే? గిది గూడ రాయి. తల్లిని గాకుంటే గిట్ల ఎట్ల అంటనో వాళ్లకు తెలవాలె.”

జమున కలం ఆగింది. ఆ తొమ్మిది దినాలు తను ఎక్కడున్నది? తన ఇంట్లో, తన మంచంలో. తట్టు పోసిందని తెలిసి గడప దాకా వచ్చి, ‘నాకేం హక్కున్నది’ అని వెనక్కి తిరిగిన మాట నిజం. అన్నం మానింది అక్క. అబద్ధం మోసింది అక్క. ఇన్నేళ్లూ తాను ఏదో పోగొట్టుకున్నానని కుమిలింది గానీ, అక్క ఏం మోసిందో ఒక్కనాడు లెక్క చేసిందా? ఫోను మోగగానే మాత్రం ఎగబడి ‘తల్లిని’ అన్నది!

“ఏమైందే? ఎందుకట్ల చూస్తున్నవు?”

ఇక ఆపుకోలేకపోయింది. కొంగులోంచి మడిచిన కాగితం తీసి అక్క కాళ్ల మీద పెట్టి, ఆ కాళ్లనే పట్టుకున్నది. “నన్ను చెప్పుతోటి కొట్టు అక్కా! కాగితాలు తక్కువ కాలే. నేనే... ఢిల్లీ నుంచి ఫోనొస్తే నేనే ఎత్తిన. వందన తల్లిని అని చెప్పిన. గందుకే ఇయ్యలే నీకు. రెండో పేజీల గదే ఉన్నది. నిన్నటి సంది దాస్తున్న...”

దేవవ్వ కాళ్లు వెనక్కి లాక్కున్నది. తరువాత లేచి నిలబడింది.

“ఇరవై ఏడేండ్లు ఆగినవు. పొద్దుమూకేదాక ఆగకపోయినవా?”

“అక్కా...”

“అక్కా అనకు! ఊరోళ్లంత గొడ్రాలు అన్ననాడు నాకు బిడ్డనిచ్చిన దానివి, ఇయ్యాల ఢిల్లీ దాక పోయి మళ్ల గుంజుకుంటున్నవా? నీకు పోవాలెనని ఉంటే పోతనని నోటితోటి చెప్పొద్దా? నేను అడ్డం పడుదునా? దొంగ లెక్క...” మాట పూర్తి చేయకుండానే ఆమె అటు తిరిగింది. వాకిట్లోకి పోయి, గోడకు ఆనుకుని నిలబడింది.

జమున కదల్లేదు. తిట్టిన ప్రతి మాటా తనకు తగినదే అనిపించింది. ఇంకా తిడితే బాగుండుననిపించింది. కన్నీళ్లు తుడుచుకుని కలం పట్టింది. అక్క చెప్పిందంతా వరుసగా రాసింది. ఆఖరున తన తరఫున నాలుగు ముక్కలు రాసింది.

గంట తరువాత దేవవ్వ లోపలికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏం రాసినవో చదువు.”

అక్కకు అక్షరం రాదు. ఏ ముక్కనైనా మింగేయవచ్చు, కానీ జమున ఈసారి ఏదీ మింగలేదు. చివరి ముక్కలు కూడా చదివింది. “‘ఫోనులో మాట్లాడింది నేను, దేవవ్వ చెల్లెలు జమునను. వందన తల్లినని నేను చెప్పింది అబద్ధము. నాకు ఆమెతో తల్లి సంబంధము ఏమియు లేదు. నా తప్పును మన్నించి మా అక్కకు వీసా ఇవ్వగలరు.’ ...గంతే అక్కా.”

“గా ముక్క కొట్టెయ్యి.”

“ఏ ముక్క?”

“అబద్ధము అన్న ముక్క.”

“కొట్టేస్తే వీసా రాదేమో అక్కా! ఇద్దరు తల్లులు ఎట్ల ఉంటరు అంటరు వాళ్లు...”

“రాకుంటే రాకపోనీ!” దేవవ్వ చాప మీద కూలబడింది. “నువ్వు బిడ్డనిచ్చినంక నీకు పాలు కట్టినయి, యాదికున్నదా? పెరట్ల మల్లెచెట్టు మొదట్ల పిండుకుంట ఏడుస్తున్నవు. నేను చూసిన. పిల్ల నా సంకల ఉన్నది, పాలకు ఏడుస్తుంది. ఒక్కపూట తాపుమని ఇస్తే నా సొమ్మేం పోతుండె? ఇస్తే మళ్ల నాకియ్యవేమోనని దర్వాజ గొళ్లెం పెట్టుకోని డబ్బ పాలు తాపిన. నీ పాపం ఒక్క మాట. నా పాపం ఎంతనో లెక్క లేదు చెల్లే... నిన్ను లోకం ముందట అబద్ధాలదాన్ని చేసి నేను ఇమానం ఎక్కుతనా? గా పిల్లను ఏ చేతులతోటి ఎత్తుకుంట? రాయి! ‘కన్నది మా చెల్లె. సాదింది నేను. ఫోన్ల అది చెప్పింది నిజమే. మీకు ముందుగాల చెప్పకపోవుడు నా తప్పు.’ కింద నా ఏలుముద్ర ఏపియ్యి.”

ఆ ముక్క కొట్టేసి, అక్క చెప్పింది చెప్పినట్టు రాసింది జమున. అక్షరాలు కన్నీళ్లకు అలుక్కుపోతే ఇంకో కాగితం తీసుకుని మళ్లీ రాసింది. సాగర్‌తో ఇంగ్లీషు చేయించి, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితం, కొత్తగా రాయించిన నోటరీ కాగితం జోడించి, రెండో పేజీతో సహా అన్నీ వందనకు పంపించారు. అక్కడి నుంచే పెట్టాలి అప్పీలు.

వందన అన్నీ చదివింది. “అందినయి, పెట్టిన,” అని అవ్వకు చెప్పింది. చిన్నమ్మను మాత్రం అడగలేదు! వారం, రెండు వారాలు... అవ్వతో మాట్లాడి పెట్టేస్తున్నది. జమునకు అన్నం సయించలేదు. అక్క క్షమించింది సరే, నిండు కడుపుతో ఉన్న పిల్ల నెత్తిన ఈ మాట వేసినందుకు తనను ఎవరు క్షమిస్తారు? ముందటి చిన్నమ్మ వరస కూడా పోయిందనే అనుకున్నది.

ఆరో వారం, అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వడ్డిస్తుంటే దేవవ్వ చెప్పులు లేకుండా రోడ్డు మీద ఉరికొచ్చింది. “వచ్చింది చెల్లే! వీసా ఇచ్చిండ్రట! ఇగో... వందన నీతోటి మాట్లాడుతదట.”

జమున చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను అందుకున్నది. అవతల వందన ఏడుస్తున్నది.

“చిన్నమ్మా... నాకు ఆరో తరగతి నుంచి ఎరికే. బడిల పిల్లలే చెప్పిండ్రు. ప్రతి యేడు నా పుట్టినరోజుకు నువ్వు బెల్లం పాశం వండి తెస్తుంటివి. ఇయ్యాలన్న ఒక్కమాట అంటదేమోనని నీ నోరే చూస్తుంటి. నువ్వు గిన్నె పెట్టి పోతుంటివి. ఇన్నేండ్లకు అన్నవు... ముక్కు మొకం తెలువని గా ఢిల్లీ ఆయనతోటి అన్నవు. నాతోటి అనలే!”

మాట తప్పానని జమున ఇన్నాళ్లు ఏడ్చింది గానీ, ఆ మాట మీద నిలబడి పిల్లను ఎంత ఏడిపించిందో ఆమెకు తెలియనే తెలియదు. దిక్కు తోచక అక్క వైపు చూసింది.

దేవవ్వ పిల్లల పక్కనే నేల మీద కూర్చుని, కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటున్నది. తలెత్తకుండానే అన్నది:

“అనవే. నేనే చెప్తున్న గద.”

“నా బిడ్డవే...” అన్నది జమున. “నువ్వు నా బిడ్డవే వందనా.”