వానగారి ఫోల్డర్

"ఈ కంప్యూటర్‌లో చెయ్యి పెట్టిందెవరు?"

తలుపు దగ్గర నిలబడి ఆమె అడిగిన మొదటి మాట అదే. గదిలో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి ఎక్కువ వెతకక్కర్లేకపోయింది.

మాది విత్తనాల పరీక్షశాల. ట్రేలకు ఫొటో తీస్తే ఎన్ని గింజలు మొలిచాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్ ఆమెది. వాన లెక్కలు నావి. నేను చేరి అప్పటికి నాలుగు రోజులు. ఇద్దరికీ కలిపి కంప్యూటర్ ఒకటే.

"నేనే మేడమ్. ప్రోగ్రామ్‌లు వాడుకునే లైబ్రరీ ఒకటి పాతదైపోయిందని కొత్తది వేశాను."

"నా ప్రోగ్రామ్‌కి ఆ పాతదే కావాలి. నాలుగింటికి డైరెక్టర్‌గారు చూడ్డానికొస్తున్నారు. ఇక్కడ చూస్తే ఒక్క గింజా మొలవనంటోంది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, టకటకా మూడు లైన్లు కొట్టింది.

"చూడండి వానగారూ" అంటూ నా పనిని బట్టి నాకో పేరు పెట్టేసింది. "దీన్ని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ప్రాజెక్టుకో గది అనుకోండి. నా పాత సామాను నా గదిలో, మీ కొత్త సామాను మీ గదిలో. ఇక మీరేం చేసుకున్నా నా గింజల జోలికి రాదు."

"వేరే కంప్యూటర్‌కి మారాలంటే?"

"గదిని మోసుకెళ్లలేం. లోపలి ఫైళ్లన్నీ ఈ కంప్యూటర్ అడ్రసే పట్టుకుని ఉంటాయి. సామాను జాబితా రాసుకుని, వెళ్లినచోట మళ్లీ కట్టుకోవాలి. గుర్తుంటుందా?"

గుర్తుంది. నాలుగింటికి గింజలన్నీ మొలిచాయి, డైరెక్టర్‌గారు మెచ్చుకున్నారు, నాకు ఆమె మీద మనసైంది.

ఆర్నెల్లు హాయిగా గడిచాయి. వాన పడితే చాలు, "ఎంత?" అనేది ఆమె. నేను గొడుగేసుకుని వెళ్లి కొలిచి వచ్చి చెప్పేవాణ్ణి. అంతలో ఆమెకు బదిలీ అయింది. కొత్త ఊరు బస్సులో ఐదు గంటల దూరం.

చివరి రోజు వరండాలో నిలబడ్డాం. బయట వాన. చెప్పాల్సిన మాట రాత్రంతా బట్టీ పట్టాను.

"ఏమైనా చెప్పాలా?" అంది.

"పన్నెండు మిల్లీమీటర్లు" అన్నాను.

ఆమె నా వంక కాసేపు చూసి, తన ప్రోగ్రామ్ కాపీ చేసి నేనిచ్చిన పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని, ఆ సాయంత్రమే వాళ్లమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కేసింది. ఇక ఆ పెన్‌డ్రైవ్ మీదే నా ఆశంతా.

సోమవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"వానగారూ, ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ని, అదే నా గదిని, ఉన్నదున్నట్టు కాపీ చేశారా?"

"చేశాను."

"పని చెయ్యదని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"మరి?"

ఇప్పుడు కూడా మిల్లీమీటర్లు చెబితే ఇక నా బతుకంతే.

"తెలిసే చేశానండీ. పని చెయ్యకపోతే ఫోన్ చేస్తారని. మీరంటే నాకిష్టం. ఆ రోజు వరండాలో నోరు పెగల్లేదు."

"జాబితా ముందే రాసుకున్నా" అంది. "పొద్దున పదింటికే కొత్త గది కట్టేశాను. గింజలు చక్కగా లెక్కపెడుతోంది."

"మరి ఫోన్ ఎందుకు చేశారు?"

"మీరు చేస్తారేమోనని ఇప్పటిదాకా చూసి."

ఆమె వెనక నుంచి వాళ్లమ్మగారి గొంతు వినిపించింది. "ఇంతకీ చెప్పాడా ఆ అబ్బాయి?"

"చెప్పారమ్మా."

"హమ్మయ్య. ఆదివారం భోజనానికి రమ్మను."

"విన్నారుగా" అంది ఆమె, నవ్వాపుకుంటూ. "ఈసారి ఫోల్డర్ పంపకండి. మీరే రండి."