నడకలో మారిన రంగు

కంపెనీ డ్రైవర్ భార్య పోలీసు జీపు తలుపు వదలడం లేదు.

"మా ఆయన దొంగ కాదమ్మా. జీపెక్కించారంటే రేపటినుంచి ఎవరూ పనివ్వరు."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. పదకొండున్నర. పదింటికి ఈ కెమెరా కంపెనీ టెస్టింగ్ రూంలోంచి కొత్త సెన్సర్ చిప్ పోయింది. కారిడార్ కెమెరాకు దొరికింది ఒక వీపు. గులాబీ, ఆకుపచ్చ చారల చొక్కా. ఈ పూట అలాంటి చొక్కా వేసుకొచ్చింది డ్రైవరొక్కడే.

కేసు తేలిపోయింది. అయినా ఆమెకు కాలు నిలవడం లేదు.

"ఇంకా ఎందుకు మేడం తిరుగుడు?" మేనేజర్ విసుక్కున్నాడు.

"అరిగేవి నా బూట్లేగా."

లోపలికెళ్లి వీడియోను అడుగు అడుగుకీ ఆపి చూసింది. ఒక అడుగులో చార గులాబీ. తర్వాతి అడుగులో అదే చోట ఆకుపచ్చ. ఆపైన చారే లేదు.

నడిస్తే చొక్కా రంగు మారుతుందా?

చిప్ తయారుచేసిన డిజైనర్ని పిలిచింది. బూడిద రంగు చొక్కాలో వచ్చాడు.

"కెమెరా రంగుల్నెలా విడదీస్తుంది?"

"సెన్సర్ నిండా చుక్కలుంటాయి. ఒక్కో చుక్క మీద ఒక్కో ఫిల్టర్. ఎరుపో, ఆకుపచ్చో, నీలమో."

"మిగతా రెండు రంగులు?"

"పక్క చుక్కల్ని చూసి లెక్కగడుతుంది."

"ఆ లెక్క పొరపాటు పడదా?"

"పడదు మేడం."

ఆమె అతని భుజం మీదికి వంగింది. దగ్గర్నుంచి చూస్తే ఆ చొక్కా బూడిద రంగు కాదు. వెంట్రుకంత సన్నని నలుపు, తెలుపు గీతలు.

డ్రైవర్ని కూడా లోపలికి పిలిపించింది. "ఇద్దరూ కారిడార్లో నడవండి."

డ్రైవర్ నడిచాడు. తెరమీద గులాబీ గులాబీగానే ఉంది. డిజైనర్ నడిచాడు. సగం దూరంలో అతని వీపంతా గులాబీ, ఆకుపచ్చ చారలు పాకాయి.

మేనేజర్ నోరు వెళ్లబెట్టాడు.

"గీతలు మరీ సన్నగా ఉంటే ఒక చుక్కకు నలుపు, పక్కదానికి తెలుపు తగులుతాయి. లెక్క చెడి లేని రంగు పుడుతుంది," అంది ఇన్‌స్పెక్టర్. "ఈ లోపం ఇక్కడెవరికీ తెలియదా?"

"పోయిన నెల దీనిమీదే మాకు గంటసేపు క్లాసు పీకాడు మేడం..." మేనేజర్ డిజైనర్ వైపు తిరిగాడు.

"చిప్ నాది. పేరు మాత్రం మీది వేసుకున్నారు," డిజైనర్ గొణిగాడు.

"అందుకని డ్రైవర్ జైలుకు పోతుంటే నోరు మెదపలేదా?" అంది ఇన్‌స్పెక్టర్.



ఆమె కానిస్టేబుల్‌ని కేకేసింది.

"డ్రైవర్ని వదిలెయ్. చిప్ దొంగ డిజైనర్."