పది అంకెల తాళం

ఒక సంఖ్య దేనితోనూ భాగింపబడదని, భాగించి చూడకుండా మనిషి ఎట్లా నిశ్చయించుకోగలడు?

అఫ్జల్‌గంజ్‌లోని మిర్చి గోదాము తలుపు ముందు, హమాలీ వేషంలో చెమటలు కక్కుతున్న ఏజెంట్ డానియేలు ఈ ప్రశ్న వేసుకోవడం అది నాలుగోసారి. తలుపుకు కీప్యాడ్. దాని పైన ఎర్రటి టైమర్: ఆరు నిమిషాలు. లోపల కుర్చీకి కట్టేసి ఉన్నది రూప. కూలి మనిషి వేషంలో ఆమెను ఒక విదేశీ ముఠాలోకి పంపింది తానే.

పొద్దున బ్రీఫింగ్‌లో డైరెక్టర్ రెండే మాటలు చెప్పాడు. "రూప ప్రాణాలతో రావాలి. కీర్తిప్రియ ఇప్పుడు మన మనిషి, ఆమె చెప్పినట్లు చెయ్యి."

ఆ తాళాన్ని ముఠాకు చేసిపెట్టింది ఇప్పుడు అతని పక్కన నిలబడిన కీర్తిప్రియే. నల్ల కళ్లద్దాలు, పత్తర్‌గట్టి ముత్యాల దండ, మిర్చి ఘాటుకు కూడా చెదరని సింగారం. తాళానికి స్థిరమైన కోడ్ లేదు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడని పది అంకెల సంఖ్య ఏదైనా దాన్ని తెరుస్తుంది. భాగింపబడేది నొక్కినా, ఒకసారి వాడినది మళ్లీ నొక్కినా, టైమర్ సున్నకు చేరినా, రూప కుర్చీ కింది బాంబు పేలుతుంది. ముఠా జామర్ ఫోన్లను ఎప్పుడో చంపేసింది.

"అన్నా, గా బస్తా మీద ఇంకెంతసేపు రాస్తవ్?" బాంబ్ స్క్వాడ్ మల్లన్న విసుక్కున్నాడు.

"ఒక్క సంఖ్యకు తొమ్మిది వేల పైచిలుకు భాగహారాలు, మల్లన్నా. అరవై అయినయ్."

"మస్తు! సంక్రాంతి దాకా గీడనే ఉందాం."

కీర్తిప్రియ నవ్వింది. "పెన్సిల్ పడెయ్, డానియేల్. 7310990137. ఎటునుంచి చదివినా ఒకటే, అందంగ లేదా? మూడుతోని పోదు, ఏడుతోని పోదు. నొక్కు."

డానియేలు వేలు ఏడు మీద ఆగిపోయింది. ఒక అంకె కలుపుతూ, తర్వాతిది తీసివేస్తూ చివరిదాకా పోయాడు. మిగిలింది సున్న. అంటే అది పదకొండుతో నిశ్శేషంగా పోతుంది. తాళం చేసిన మనిషికి ఆ సంగతి తెలియదా? ఆమె నేటికీ ముఠా మనిషే.

రెండు నిమిషాలు.

కాలేజీనాటి సంఖ్య ఒక్కటి గుర్తున్నది. రెండును ముప్పై ఒక్కసార్లు వేసి హెచ్చించి, అందులో ఒకటి తీసివేస్తే వచ్చేది. దేనితోనూ పోదని ఎప్పుడో నిరూపించారు. కానీ అంత పేరున్న సంఖ్యను ముఠా ఇదివరకే వాడేసి ఉంటే?

"మేడమ్, 2147483647 వాడిన్రా?" అమాయకంగా అడిగాడు.

ముత్యాల దండ మీద ఆమె వేళ్లు బిగిశాయి. "మొదటిరోజే వాడినం. నొక్కినవంటే రూప ఖతం."

రూప చావాలని కోరే మనిషి, చంపే సంఖ్యను వద్దంటుందా?

"మల్లన్నా, మేడమ్ చెయ్యి పట్టుకో." డానియేలు పది అంకెలూ ఆగకుండా నొక్కాడు.

తొమ్మిది సెకండ్లు మిగిలి ఉండగా గడియ జారింది. లోపలినుంచి రూప దగ్గు వినిపించింది.

"నా మాట నమ్మవా నువ్వు?" కీర్తిప్రియ పళ్లు కొరికింది.

"అయ్యో, మస్తు నమ్మిన మేడమ్. మీరు వద్దన్నరనే నొక్కిన."